వసంతంలో స్విట్జర్లాండ్: ఏ వారం వెళ్లాలి, ఏ ఊళ్లో దిగాలి, ఏ టికెట్ కొనాలి

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులకు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా వేసవి సెలవులు ఉంటాయి కాబట్టి, మన కుటుంబాలు స్విట్జర్లాండ్‌కు పెట్టుకునే ప్రయాణాల్లో చాలా భాగం అక్కడి వసంతకాలంలోనే పడతాయి. అయితే ట్రావెల్ ఏజెన్సీల ప్రకటనల్లో కనిపించే పచ్చిక బయళ్లు సాధారణంగా జూలైలో తీసినవి, కాలి కిందనుంచి శిఖరం దాకా పరచుకున్న మంచు జనవరిలో తీసినది. ఏప్రిల్, మే నెలల్లో ఆల్ప్స్ ఈ రెండింటికీ మధ్య మరో రూపంలో ఉంటాయి. ఆ రూపం చాలా అందమైనదే గాని, దాన్ని చూడాలంటే ప్రయాణాన్ని దానికి తగ్గట్టు అమర్చుకోవాలి.

కారణం చాలా సరళమైనది. కొండ ఎక్కేకొద్దీ ప్రతి వంద మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు 0.6 డిగ్రీలు తగ్గుతుంది. ఇంటర్‌లాకెన్ పట్టణం 567 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడినుంచి రైల్లో చేరుకునే యుంగ్‌ఫ్రౌయోహ్ స్టేషన్ 3,454 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే కింద హాయిగా 15 డిగ్రీలు ఉన్న రోజున పైన సున్నాకు దిగువనే ఉంటుంది. వసంతం దేశమంతటికీ ఒకేసారి రాదు. మార్చి చివరలో దక్షిణాన సరస్సుల ఒడ్డున మొదలై, కొండవాలు వెంబడి నెమ్మదిగా పైకి ఎక్కుతూ, రెండు వేల మీటర్లు దాటేసరికి జూన్ వస్తుంది. దక్షిణాన సరస్సు ఒడ్డునున్న లొకార్నోలో కమేలియా పూలు విరగబూసే మార్చి చివరి రోజుల్లోనే ఎత్తైన కొండల నడుమ ఉన్న జెర్మాట్ వాలుల మీద స్కీయింగ్ జోరుగా సాగుతూ ఉంటుంది. అందుచేత ముందు వారం, తర్వాత ఊరు, ఆ తర్వాతే టికెట్ అనే వరుసలో నిర్ణయాలు తీసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. మనవాళ్లలో చాలామంది ఏదో తగ్గింపు వచ్చిందని ముందు రైలు పాస్ కొని, దానికి సరిపడేలా ఊళ్లు ఎంచుకుని, చివరకు తేదీలు పెట్టుకుంటారు. ఆ వరుస డబ్బుకూ మంచిది కాదు, ప్రయాణానికీ మంచిది కాదు.

వారం ఎంచుకోవడం

మార్చి చివర నుంచి ఏప్రిల్ మధ్య దాకా ఉన్న కాలం మంచు చూడాలనుకునేవారిది. ఎత్తైన చోట్ల మంచు గట్టిగా ఉంటుంది, స్కీ కేంద్రాలు పనిచేస్తుంటాయి, పిల్లలు మంచులో ఆడుకోవడానికి చోటు వెతుక్కోవలసిన అవసరం ఉండదు. అదే సమయంలో లోయల్లో గడ్డి ఇంకా పూర్తిగా పచ్చబడదు, వెయ్యి మీటర్ల ఎత్తున చెట్లు బోసిగానే ఉంటాయి. పూలు కావాలంటే తక్కువ ఎత్తుకు దిగాలి. వాలే రాష్ట్రంలో రోన్ నది లోయలో ఉన్న సాక్సాన్ పరిసరాల్లో ఆప్రికాట్ తోటలు ఈ రోజుల్లోనే తెల్లగా పూస్తాయి. బాసెల్‌కు తూర్పున ఉన్న ఫ్రిక్‌టాల్‌లో చెర్రీ చెట్లు ఏప్రిల్‌లో పూస్తాయి. జ్యూరిక్‌లో ఏప్రిల్ మూడో సోమవారం ప్రాంతంలో సెక్సెలొయిటెన్ ఉత్సవం జరుగుతుంది. అందులో శీతకాలానికి గుర్తుగా నిలబెట్టిన మంచుమనిషి బొమ్మకు నిప్పు పెడతారు. అది ఎంత త్వరగా కాలిపోతే ఆ ఏటి వేసవి అంత బాగుంటుందని అక్కడివారి నమ్మకం. ఈస్టర్ చాలా ఏళ్లు ఈ రోజుల్లోనే వస్తుంది కాబట్టి ఆ వారాంతంలో హోటళ్లు నిండిపోతాయి, చాలా దుకాణాలు మూసి ఉంటాయి. తేదీ ప్రతి ఏడూ మారుతుంది గనుక క్యాలెండర్ చూసుకునే విమానం టికెట్ తీసుకోవాలి.

ఏప్రిల్ మధ్య నుంచి మే మధ్య దాకా ఉన్న నెల రోజులు కొండల మీదికి వెళ్లాలనుకునేవారికి అన్నిటికంటే ఇబ్బందికరమైన కాలం. స్కీ సీజన్ ముగిసి వేసవి సీజన్ మొదలయ్యే లోపు చాలా రోప్‌వేలు వార్షిక తనిఖీల కోసం ఆగిపోతాయి. గ్రిండెల్‌వాల్డ్ నుంచి మెన్లిచెన్‌కు వెళ్లేది అలాంటిదే. ప్రపంచంలోనే అత్యంత నిటారైన పళ్లచక్రం రైలుగా పేరున్న, లూసెర్న్ దగ్గరి పిలాటుస్ కొండ రైలు 1889 నుంచి నడుస్తున్నది గాని, శీతకాలంలో ఆగిపోయి సాధారణంగా మే నెలలోనే తిరిగి మొదలవుతుంది. షీనిగె ప్లాటె రైలుకూ బ్రియెంజ్ రోట్‌హార్న్ ఆవిరి రైలుకూ జూన్ దాకా ఆగాలి. నడకదారుల్లో సగం కరిగిన మంచు, బురద ఉంటాయి. కాని ఇదే నెలలో లోయలు అన్నిటికంటే అందంగా ఉంటాయన్న మాట కూడా అంతే నిజం. పచ్చికంతా పసుపురంగు డాండలియన్ పూలతో నిండిపోతుంది, జెనీవా సరస్సు ఒడ్డున మోర్జ్ పట్టణపు ఉద్యానవనంలో ట్యులిప్ ఉత్సవం జరుగుతుంది, ఆపిల్ చెట్లు పూస్తాయి. మే 11 నుంచి 15 దాకా వచ్చే రోజులను అక్కడి రైతులు మంచు సాధువుల రోజులు అంటారు. అవి దాటితే గాని లేత మొక్కలను ఆరుబయట నాటరు. మనం కూడా ఆ రోజుల వరకు ఊలు స్వెట్టర్ వెంట ఉంచుకోవడం మేలు.

మే మధ్య తర్వాత లెక్క మారిపోతుంది. పొద్దు పొడవవుతుంది, నెలాఖరుకు రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది. లూసెర్న్ వంటి పట్టణాల్లో పగటి ఉష్ణోగ్రత 18, 20 డిగ్రీల దగ్గర తిరుగుతుంది, ఎత్తుల మీద మంచు మాత్రం ఇంకా మిగిలే ఉంటుంది. జెనీవా సరస్సు ఒడ్డునే ఉన్న మాంట్రో పట్టణం పైనున్న కొండల్లో నార్సిసస్ పూలు పూసేదీ ఈ నెలలోనే. అన్నిటికీ మించి, ఇది జలపాతాల కాలం.

లౌటర్‌బ్రున్నెన్ లోయలోని ట్రూమెల్‌బాహ్ జలపాతాలను ఈ సమయంలో చూసినవారికి వసంతం అంటే ఆల్ప్స్‌లో ఏమిటో ఇక ఎవరూ వివరించవలసిన పని ఉండదు. ఐగర్, మొన్హ్, యుంగ్‌ఫ్రౌ అనే మూడు శిఖరాల హిమానీనదాలు కరిగిన నీరంతా కొండను లోపలి నుంచి తొలుచుకుంటూ పది జలపాతాలుగా దిగుతుంది; ఉధృతి బాగా ఉన్నప్పుడు సెకనుకు 20,000 లీటర్ల దాకా పారుతుంది. కొండలో తవ్విన సొరంగంలోని లిఫ్టులో పైకి వెళ్లి, తడిసిన మెట్ల మీదుగా కిందికి దిగుతూ వాటిని చూస్తారు. పక్కనున్న మనిషి మాట వినిపించదు, కటకటాల మీద చెయ్యి వేస్తే అదురు తెలుస్తుంది, తుంపరకు కళ్లద్దాలు మసకబారతాయి. ఏప్రిల్ తొలివారాల్లో వెళ్తే పైన మంచు ఇంకా కరగక నీరు తక్కువగా ఉంటుంది. లోపల చలి ఎక్కువ, మెట్లు జారతాయి. నాలుగేళ్లలోపు పిల్లలను భద్రత దృష్ట్యా లోనికి రానివ్వరు. అదే లోయలో 297 మీటర్ల ఎత్తునుంచి పడే స్టౌబాహ్ జలపాతానికి టికెట్టూ లేదు, మెట్ల బాధ అంతగా లేదు కాబట్టి, పసిపిల్లలున్నవారు దాని దగ్గర తీరికగా కూర్చోవచ్చు.

మీకు తేదీలు ఎంచుకునే స్వేచ్ఛ ఉంటే మే 16 తర్వాత బయలుదేరమని నా సలహా. మంచే ముఖ్యమైతే ఏప్రిల్ మొదటి పక్షం. సెలవులు మొదలైన వెంటనే, అంటే ఏప్రిల్ చివరి వారంలోనే వెళ్లక తప్పకపోతే, కొండలకు ఒక్క రోజే కేటాయించి మిగతా రోజులు సరస్సుల దగ్గర గడపాలి. మే నెలలో మరో జాగ్రత్త కూడా అవసరం: ఈస్టర్ తర్వాత 39వ రోజున వచ్చే అసెన్షన్ గురువారం, 50వ రోజున వచ్చే విట్ సోమవారం అక్కడ సెలవులు. ఆ వారాంతాల్లో స్థానికులే పెద్దసంఖ్యలో ప్రయాణాలు పెట్టుకుంటారు, దక్షిణానికి వెళ్లే రైళ్లు కిక్కిరిసి ఉంటాయి.

బస ఎక్కడ

మొదటిసారి వెళ్లే కుటుంబానికి, ముఖ్యంగా పెద్దవాళ్లు వెంట ఉన్నప్పుడు, నేను లూసెర్న్‌నే సూచిస్తాను. జ్యూరిక్ విమానాశ్రయం నుంచి రైల్లో గంటా పది నిమిషాల ప్రయాణం. స్టేషన్ గుమ్మం దాటగానే ఎదురుగా సరస్సు, పడవల రేవు, కాస్త ఎడమకు నడిస్తే చాపెల్ వంతెన. 14వ శతాబ్దపు ఆ కొయ్య వంతెనలో చాలా భాగం 1993 అగ్నిప్రమాదంలో కాలిపోగా మళ్లీ కట్టారు. వసంతంలో లూసెర్న్‌కు ఉన్న అసలు బలం ఏమిటంటే, వాతావరణం ఎలా ఉన్నా ఆ రోజుకు తగిన పని ఏదో ఒకటి దొరుకుతుంది. ఆకాశం తేటగా ఉంటే 1,798 మీటర్ల రిగి మీదికి పడవ, రైలు కలిపి వెళ్లవచ్చు. 1871లో ఐరోపాలో మొట్టమొదట కొండెక్కిన రైలు అదే, ఏడాది పొడవునా నడుస్తుంది. మంచు కావాలంటే ఎంగెల్‌బర్గ్ మీదుగా 3,000 మీటర్లు దాటిన టిట్లిస్ స్టేషన్ ఉంది. రోజంతా వాన పట్టుకుంటే పాత రైలింజన్లు, విమానాలతో నిండిన రవాణా మ్యూజియం పిల్లలకు ఒక పూట చాలకుండా చేస్తుంది.

ఇంటర్‌లాకెన్‌కు మనవాళ్లలో ఉన్న పేరు వేరే చెప్పనక్కరలేదు. హిందీ సినిమాల పుణ్యమా అని యశ్ చోప్రా విగ్రహం కూడా అక్కడ ఉంది, భారతీయ భోజనం దొరకడం సులువు. యుంగ్‌ఫ్రౌయోహ్‌కు, లౌటర్‌బ్రున్నెన్‌కు అది దగ్గర. అయితే ఆ ఊరి ఆకర్షణ అంతా చుట్టూ ఉన్న కొండల్లో ఉంది. కొండలు మబ్బులో ఉండి, సగం రోప్‌వేలు ఆగిపోయిన ఏప్రిల్ చివరలో అక్కడ నాలుగు రాత్రులు ఉండడం అంటే చేతులు కట్టుకుని కూర్చోవడమే. మే చివరలో వెళ్లేవారికి మాత్రం ఇదే ఉత్తమమైన బస, అందులోనూ ఇంటర్‌లాకెన్ కంటే ఇరవై నిమిషాల దూరంలోని లౌటర్‌బ్రున్నెన్‌లో దిగడం మేలు.

యుంగ్‌ఫ్రౌయోహ్ గురించి ఒక మాట. 1912లో పూర్తయిన ఆ రైలుమార్గం ఇంజనీరింగ్ అద్భుతమనడంలో సందేహం లేదు. కాని అంత ఎత్తున గాలిలో అందే ప్రాణవాయువు సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. 2020లో ఐగర్ ఎక్స్‌ప్రెస్ రోప్‌వే వచ్చాక ప్రయాణ సమయం బాగా తగ్గింది. అంటే శరీరం అలవాటుపడే వ్యవధీ తగ్గింది. గుండె జబ్బు, ఊపిరితిత్తుల సమస్య ఉన్న తల్లిదండ్రులను తీసుకెళ్లేముందు వైద్యుణ్ణి అడగాలి; అంత ఎత్తు వద్దనుకుంటే రిగి మీదినుంచి వాళ్లు చూసే మంచు శిఖరాల వరుస తక్కువదేమీ కాదు.

ఏప్రిల్‌లోనే వెళ్లవలసినవారికి మాంట్రో గాని, టిచినో గాని సరైన బస. మాంట్రోలో సరస్సు ఒడ్డున పూలమొక్కల మధ్య షియాన్ కోట దాకా చదునైన దారి ఉంది. చక్రాల కుర్చీ కూడా నడుస్తుంది. 2007లో యునెస్కో జాబితాలో చేరిన లావో ద్రాక్షతోటల మెట్లసేద్యం పక్కనే ఉంటుంది, ఏప్రిల్‌లో అక్కడ తీగలు అప్పుడే చిగురిస్తుంటాయి. టిచినో దక్షిణాన ఇటాలియన్ మాట్లాడే ప్రాంతం, లొకార్నో, లుగానో అక్కడివే. 57 కిలోమీటర్ల గొట్హార్డ్ సొరంగం 2016లో ప్రారంభమైన తర్వాత జ్యూరిక్ నుంచి లుగానోకు దాదాపు రెండు గంటల్లో చేరవచ్చు. ఉత్తరాన చలిగాలి వీస్తున్నప్పుడు ఇక్కడ తాటిజాతి చెట్ల కింద ఎండలో కూర్చోవచ్చు. అయితే ఎండ ఎక్కువన్న మాటను నమ్మి గొడుగు మరచిపోకూడదు: లొకార్నో పరిసరాల్లో ఏప్రిల్, మే నెలల్లో వాన ఉత్తరాది పట్టణాల కంటే ఎక్కువే కురుస్తుంది. తేడా ఏమిటంటే, అది రోజుల తరబడి ముసురుపట్టకుండా ఒకటి రెండు రోజుల్లో కుండపోతగా కురిసి తెరిపి ఇస్తుంది. అందుకే అక్కడ రెండు రాత్రులు చాలవు, నాలుగైనా ఉండాలి.

జెర్మాట్ గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. గోర్నర్‌గ్రాట్ రైలు ఎప్పుడూ నడుస్తుంది, మాటర్‌హార్న్ శిఖర దర్శనం జీవితంలో మరువలేనిది, కాని ఖర్చు ఎక్కువ. మే నెలలో ఊళ్లో చాలా హోటళ్లు, భోజనశాలలు మూసి ఉంటాయి. ఏప్రిల్ తొలి రోజులకైతే వెళ్లండి.

రైలు పాసుల లెక్క

స్విస్ ట్రావెల్ పాస్ 3, 4, 6, 8, 15 రోజుల గడువులతో దొరుకుతుంది. రైళ్లు, బస్సులు, పడవలు, నగర రవాణా, వందలాది మ్యూజియంలు అందులో కలిసి వస్తాయి. రిగి పూర్తిగా ఉచితం, టిట్లిస్‌కు, పిలాటుస్‌కు సగం ధర, యుంగ్‌ఫ్రౌయోహ్ పైభాగానికి మాత్రం పావు వంతు తగ్గింపే. స్విస్ హాఫ్ ఫేర్ కార్డు ఒక నెల చెల్లుతుంది. దాదాపు అన్నిటి మీదా, యుంగ్‌ఫ్రౌయోహ్‌తో సహా, సగం ధర తగ్గిస్తుంది. ఈ రెండో కార్డు విషయంలో లెక్క తేలిక: మీరు కొనబోయే టికెట్ల పూర్తి ధర కార్డు ధరకు రెట్టింపు దాటితే అది గిట్టుబాటు అయినట్టే. ఇంటర్‌లాకెన్ నుంచి యుంగ్‌ఫ్రౌయోహ్‌కు రానుపోను పూర్తి ధర 200 ఫ్రాంకులు దాటుతుంది కాబట్టి, ఆ ఒక్క ప్రయాణమే చాలావరకు కార్డు ధరను రాబడుతుంది.

వసంతంలో ఈ రెండింటి మధ్య తూకం హాఫ్ ఫేర్ కార్డు వైపే మొగ్గుతుందని నేను భావిస్తాను. వాన పడిన రోజున ట్రావెల్ పాస్ రోజు వృథా అవుతుంది. హాఫ్ ఫేర్ కార్డు ఉన్నవారు ఆ రోజు ఏమీ కొనరు, అంతే. పైగా చాలా ప్రాంతాల్లో రాత్రి బస చేసేవారికి హోటలే స్థానిక రవాణా కార్డు ఇస్తుంది. టిచినో టికెట్ ఆ రాష్ట్రమంతటా రైళ్లకూ బస్సులకూ చెల్లుతుంది, మాంట్రో పరిసరాల్లోనూ అలాంటి కార్డే ఉంది. అలాంటిచోట నాలుగు రోజులు ఉండేవారికి ట్రావెల్ పాస్ దేనికి? రోజుకో ఊరు మారుతూ, పడవలు, మ్యూజియంలు, రిగి అన్నీ చుట్టేద్దామనుకునేవారికి, లేదా ప్రతిసారీ టికెట్ కొనడం పెద్ద తలనొప్పిగా భావించేవారికి మాత్రం పాసే సుఖం. ఏది కొన్నా 6 నుంచి 15 ఏళ్ల పిల్లల కోసం స్విస్ ఫ్యామిలీ కార్డును ఉచితంగా అడిగి తీసుకోవాలి. తల్లిదండ్రుల్లో ఒకరు వెంట ఉంటే దాని మీద పిల్లల ప్రయాణం ఉచితం. ఆరేళ్లలోపు వారికి టికెట్టే అక్కర్లేదు.

బెర్నీనా ఎక్స్‌ప్రెస్, గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ వంటి పెద్ద కిటికీల రైళ్లకు పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్ రుసుము వేరే కట్టాలి. 2008లో యునెస్కో గుర్తింపు పొందిన అదే బెర్నీనా దారిలో మామూలు రైళ్లూ నడుస్తాయి, వాటికి రిజర్వేషన్ అవసరం లేదు. 2,253 మీటర్ల ఓస్పిజియో బెర్నీనా దగ్గర మే నెలలోనూ సరస్సు గడ్డకట్టి కనిపించవచ్చు; అదే రైల్లో కిందికి తిరానోలో దిగేసరికి వెచ్చని ఎండ. మామూలు రైళ్లలో చాలావాటికి కిటికీలు తెరుచుకుంటాయి గనుక ఫొటోలు తీసుకునేవారికి అవే మంచివి.

కారు అద్దెకు తీసుకోవాలన్న ఆలోచన ఉంటే ఈ కాలంలో మానుకోండి. ఫుర్కా, గ్రిమ్‌సెల్, సుస్టెన్ వంటి కనుమ దారులు సాధారణంగా మే చివరలో గాని, జూన్‌లో గాని తెరుచుకుంటాయి. అవి లేనప్పుడు కారుతో వచ్చే ప్రత్యేక లాభం పెద్దగా ఉండదు. కొండదారిలో నడపాలన్న కోరిక బలంగా ఉన్నవారికి ఆస్ట్రియా మెరుగు. అక్కడి గ్రోస్‌గ్లాక్‌నర్ రహదారి 1935లో ప్రారంభమైంది. 48 కిలోమీటర్ల ఆ టోల్ రోడ్డును ప్రతి వసంతంలో మంచు తొలగించి సాధారణంగా మే మొదట్లో తెరుస్తారు, అప్పుడు రోడ్డుకు ఇరువైపులా గోడల్లా మంచు నిలబడి ఉంటుంది. వెర్ఫెన్‌లోని మంచు గుహ కూడా మే నెలలోనే సందర్శకులకు తెరుచుకుంటుంది. ఖర్చు స్విట్జర్లాండ్ కంటే గణనీయంగా తక్కువ. కాని ఏప్రిల్ మధ్య నుంచి మే మూడో వారం దాకా ఆస్ట్రియాలో రోప్‌వేల మూత ఇంకా విస్తృతంగా ఉంటుంది, కాబట్టి రైలెక్కి మంచు శిఖరం చేరాలనుకునే కుటుంబానికి స్విట్జర్లాండే తగినది.

బయలుదేరే ముందు

షెంగెన్ వీసా దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇచ్చి తీరాలి. మే ప్రయాణానికి హైదరాబాద్‌లో అపాయింట్‌మెంట్లు త్వరగా నిండిపోతాయి గనుక ఫిబ్రవరిలోనే పని ముగించుకోవడం మంచిది. స్విట్జర్లాండ్, ఆస్ట్రియా రెండూ చూసేవారు ఎక్కువ రాత్రులు గడిపే దేశానికే దరఖాస్తు చేయాలి, 30,000 యూరోలకు తక్కువ కాని వైద్య బీమా జతపరచాలి.

అపార్ట్‌మెంట్ తీసుకుని వండుకునేవారు సామాను సర్దేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఐరోపా సమాఖ్య బయటి దేశాలనుంచి మాంసం, పాల ఉత్పత్తులు స్విట్జర్లాండ్‌లోకి అనుమతించరు. అంటే నెయ్యి, కోవా పెట్టెలో ఉండకూడదు. 2020 నుంచి తాజా పండ్లు, కూరగాయలకూ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి. అరటి, కొబ్బరి వంటి కొద్దిపాటి పండ్లకే మినహాయింపు ఉంది. మే నెలలో బంధువుల కోసం బంగినపల్లి మామిడిపండ్లు, కరివేపాకు తీసుకెళ్లాలన్న ప్రేమ ఎంత సహజమైనదైనా విమానాశ్రయంలో అవి పోతాయి. కందిపొడి, కారప్పొడి, చింతపండు, నూనెలో ఊరిన ఆవకాయ చాలు. బియ్యం, పెరుగు, కూరగాయలు అక్కడ ఏ కోప్‌లోనైనా, మిగ్రోస్‌లోనైనా దొరుకుతాయి. ఆదివారం ఆ దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి శనివారం సాయంత్రానికే సరుకులు తెచ్చుకోవాలి, మరిచిపోతే పెద్ద రైల్వేస్టేషన్లలోని దుకాణాలే దిక్కు.

కొండ టికెట్ మాత్రం ఎన్ని వారాల ముందు చౌకగా వచ్చినా కొనవద్దు. ఏ శిఖరానికి వెళ్లదలచుకున్నారో దాని వెబ్ కెమెరాను ఆ రోజు ఉదయం ఏడు గంటలకు ఫోన్లో చూసి, తెల్లని మసక కనబడితే ఆ పూటకు పడవో మ్యూజియమో పెట్టుకుని, నీలాకాశం కనబడితే అల్పాహారం కూడా రైల్లోనే కానిచ్చి మొదటి బండికే బయలుదేరండి. వసంతంలో మధ్యాహ్నం దాటాక శిఖరాల మీద మబ్బు కమ్ముకోవడం సర్వసాధారణం.